తాళం చేయాల్సిన పని కుక్కకు అప్పగిస్తే: ఒక కేసు

కుక్కల ప్రవర్తనలో వచ్చే ఇబ్బందులను సరిచేయడం నా వృత్తి. నా దగ్గరకు వచ్చేవి ఎక్కువగా కరిచే కుక్కలే. వాటిలో ఈ ఒక్క కేసునే ఎంచుకుని రాయడానికి కారణముంది. ఇందులో కుక్క చేసిన తప్పు దాదాపు ఏమీ లేదు. నేను చేసిన పెద్ద తప్పు మాత్రం ఒకటుంది, దానివల్ల రెండు నెలలు వృథా అయ్యాయి. కుటుంబాన్ని గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. కుక్కను టైగర్ అని పిలుస్తాను. అసలు పేరు వేరు, అయితే అది కూడా ఓ క్రూరమృగం పేరే. ఏ ఆశతో తెచ్చుకున్నారో పేరు పెట్టేటప్పుడే సగం బయటపడుతుంది.

నేపథ్యం

భార్యాభర్తలు, తొమ్మిదేళ్ళ పాప, ఆయన తల్లి. విడిగా ఉన్న ఇల్లు, చుట్టూ ప్రహరీ, ముందు ఇనుప ఊచల గేటు, వెనక సామాన్లు పెట్టుకునే చిన్న గది. ఒకసారి అందరూ రెండు రోజులు ఊరెళ్ళి తిరిగొచ్చేసరికి వెనక తలుపు గడియ ఊడదీసి ఉంది. పోయిన వస్తువులు పెద్ద విలువైనవి కావు. కానీ బీరువాలోని బట్టలన్నీ నేల మీద కుప్పగా పడి ఉండడం చూశాక ఆ ఇంట్లో ఎవరికీ నెలల తరబడి సరిగా నిద్ర పట్టలేదు. పెద్దావిడ రాత్రివేళ లేచి తలుపులన్నీ తడిమి చూసుకునేవారట. ఊడిపోయిన గడియ స్థానంలో అదే రకం గడియ మళ్ళీ బిగించారు. ఆ తర్వాత కుక్కను తెచ్చారు.

ఎనిమిది వారాల వయసున్న జర్మన్ షెపర్డ్ పిల్ల. తెచ్చిన రోజే తెలిసినవాళ్ళు ఎవరో సలహా ఇచ్చారు: బయటివాళ్ళను దగ్గరకు రానివ్వకండి, ముద్దు చేయనివ్వకండి, అలవాటైతే రేపు దొంగను చూసినా తోక ఊపుతుంది. ఈ సలహా నేను వందసార్లు విన్నాను. కుక్కపిల్లకు మూడో వారం నుంచి సుమారు పన్నెండు, పద్నాలుగో వారం వరకు ఒక కిటికీ తెరిచి ఉంటుంది. ఈ లోకంలో ఏవి మామూలువి, ఏవి భయపడవలసినవి అన్న లెక్క అప్పుడే దాని బుర్రలో స్థిరపడుతుంది. ఆ రోజుల్లో నలుగురి ముఖాలు తప్ప చూడని కుక్కకు ఐదో మనిషి ఎవరైనా ప్రమాదమే. దొంగకూ చుట్టానికీ తేడా తెలియాలంటే ముందు మామూలు మనుషులు ఎలా ఉంటారో తెలిసి ఉండాలి కదా! టైగర్‌కు ఆ అవకాశమే ఇవ్వలేదు.

ఏడో నెల నుంచి పగలంతా గేటు పక్కన గొలుసుతో కట్టేశారు. రాత్రి ఆవరణలో వదిలేశారు. ఏడాది దాటాక గేటు దగ్గర ఎవరు కనిపించినా ఎగిరెగిరి మొరగడం మొదలైంది. ఇంటాయనకు సంతోషం. "అప్పుడు నిజంగా నిశ్చింతగా అనిపించిందండీ" అన్నారు నాతో. జర్మన్ షెపర్డ్ వంటి పెద్ద జాతుల్లో ఏడాదిన్నర నుంచి మూడేళ్ళ మధ్య మానసికంగా పెద్దరికం వస్తుంది. తన చోటు అనుకున్నదాన్ని గట్టిగా కాయడం కూడా ఎక్కువగా అప్పుడే బయటపడుతుంది. అంటే ఆయన సంతోషించిన రోజుల్లోనే అసలు సమస్య గట్టిపడుతోంది.

నా దగ్గరకు తెచ్చిన సమస్య

టైగర్‌కు మూడేళ్ళు నిండాక ఫోను వచ్చింది. అప్పటికి మూడు సంఘటనలు జరిగాయి. మొదటిది, పార్సిల్ ఇవ్వడానికి వచ్చిన యువకుడి చొక్కా చేయి చిరిగింది, చర్మానికి ఏమీ కాలేదు. రెండోది, ఇంటావిడ అక్క కొడుకు, పదకొండేళ్ళ వాడు, గేటు తీసుకుని పరుగున లోపలికి వచ్చాడు. గొలుసు అందే దూరంలోకి వచ్చాడని అతనికి తెలియదు. ముంజేతిలో రెండు లోతైన పళ్ళగాట్లు. ఇంటావిడ వెంటనే సబ్బు రాసి కుళాయి కింద 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఈ కథంతటిలో అందరికన్నా సరైన పని చేసింది ఆమే. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు, కాబట్టి కుక్కకు టీకాలు వేయించినా సరే, గాయం కడగడం, వైద్యుడిని చూడడం వాయిదా వేసే పనులు కావు.

మూడోది నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించింది. ఒక రాత్రి వెనక గోడ దూకి ఎవరో సామాన్ల గది తాళం పగలగొట్టారు. సైకిలు, పనిముట్లు పోయాయి. ఆ రాత్రి కూడా టైగర్ ఆవరణలో స్వేచ్ఛగానే ఉంది.

"మొరగలేదా?" అని అడిగాను.

"మొరిగాడు. రోజూ మొరుగుతూనే ఉంటాడు కదండీ" అన్నారు ఆయన.

ఇంటావిడ కాసేపు ఆగి, "ఆ రాత్రి వెనక వైపు నుంచి వినిపించింది. కాస్త వేరుగా ఉంది. నాకు మెలకువ వచ్చింది, మళ్ళీ అటు తిరిగి పడుకున్నాను" అన్నారు. తెల్లారి చూస్తే టైగర్ వరండాలో బల్ల కింద ముడుచుకుని ఉందట.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని సామెత. ఈ ఇంట్లో కుక్క సమయానికే మొరిగింది. లేవవలసినవాళ్ళే లేవలేదు.

ఇంతకీ ఆయన నన్ను కోరింది ఏమిటంటే: "వీడు దొంగలను మాత్రమే కరిచేలా నేర్పగలరా?"

అప్పటికే చేసి చూసినవి

నేను వెళ్ళేలోపు వాళ్ళు ఊరికే కూర్చోలేదు. అక్క కొడుకును కరిచాక, గుర్రుమన్నప్పుడల్లా గొలుసు గుంజి గట్టిగా కొట్టారు. రెండు నెలల్లో గుర్రుమనడం పూర్తిగా మానేసింది. బాగుపడిందని అనుకున్నారు. నాకు మాత్రం ఆ మాట వినగానే గుండె జారింది. గుర్రుమనడం అంటే కుక్క ఇచ్చే హెచ్చరిక: ఇక దగ్గరకు రాకు, ఇంతకుమించి నాకు ఓపిక లేదు అని. దాన్ని శిక్షించి మాన్పిస్తే భయం అలాగే ఉంటుంది, హెచ్చరిక మాత్రమే పోతుంది. ఆపైన అది నేరుగా కరుస్తుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్ళు 140 మంది యజమానులను అడిగి 2009లో ప్రచురించిన పరిశీలనలో, కొట్టడం, తన్నడం, బలవంతంగా నేలకు అదిమి పట్టడం వంటి పద్ధతులకు చాలా కుక్కలు తిరగబడ్డాయని తేలింది. నా అనుభవమూ అదే.

వృషణాలు తీయించారు. దానికి వేరే ప్రయోజనాలు ఉండవచ్చు కానీ, భయంతో కరిచే కుక్కకు అది మందు కాదు. ఏ మార్పూ రాలేదు.

తర్వాత ఒక శిక్షకుడిని పిలిచారు. ఆయన చేతికి గోనె చుట్టుకుని మూడు వారాలు టైగర్‌ను రెచ్చగొట్టి గోనెను పట్టుకోవడం నేర్పాడు. వదలడం నేర్పకుండానే వెళ్ళిపోయాడు. రక్షణ శిక్షణ అన్న పేరుతో జరిగే పనుల్లో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. నిజంగా ఆ పనికి తయారుచేసే కుక్కలను ముందు ధైర్యం, నిలకడ చూసి ఎంచుకుంటారు. ఏళ్ళ తరబడి నేర్పుతారు. పట్టుకో అన్నదానికన్నా వదిలేయ్ అన్న మాట మీదే ఎక్కువ శ్రమ పడతారు. అంత చేశాక కూడా ఆ కుక్క పక్కనున్న మనిషి మాట మీదే కదులుతుంది. అర్ధరాత్రి ఆవరణలో ఒంటరిగా తిరిగే కుక్కకు మాట ఇచ్చేవారెవరు?

మొదటి రోజు చూసినది

వెళ్ళీ వెళ్ళగానే నేను గేటు లోపలికి అడుగు పెట్టను. బయటే ఓ పక్కకు నిలబడి చూస్తాను.

గొలుసు పొడవు రెండు మీటర్లు. ఆ రెండు మీటర్ల మేర నేల అర్ధచంద్రాకారంలో బోడిగా, నున్నగా అరిగి ఉంది. గొలుసు అందని చోట నుంచి గడ్డి గీత గీసినట్టు మొదలైంది. మెడపట్టీ కింద రోమాలు రాలి చర్మం కనిపిస్తోంది. టైగర్ నన్ను చూడగానే ఆ గీత అంచుకు దూసుకొచ్చి మొరిగింది. వీపు మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. తోక పైకి లేచి బిగుసుకుని చిన్నగా కదులుతోంది. ఇదంతా చూసి ఎవరైనా మీద పడబోతోంది అనుకుంటారు. కానీ కాళ్ళు చూడాలి. మూడు, నాలుగు సార్లు మొరిగి రెండడుగులు వెనక్కి వేస్తోంది. మళ్ళీ ముందుకొస్తోంది. బరువంతా వెనక కాళ్ళ మీదే ఉంది. చెవులు ఒకసారి ముందుకు, ఒకసారి తలకు అంటుకుని వెనక్కి. పెదవుల మూలలు బాగా వెనక్కి లాగి ఉన్నాయి. నేను ఒక అడుగు వెనక్కి వేయగానే ఆవులించింది, పెదవి నాకింది. ఎదురుగా ఉన్నది పారిపోవడానికి చోటు లేని కుక్క.

మొరిగే కుక్క కరవదు అంటారు. ఈ వృత్తిలోకి వచ్చిన మొదటి నెలలోనే నేను వదిలేసిన సామెత అది.

ఇంకో విషయం ఆలోచించాను. రోజూ ఎంతోమంది ఆ గేటు ముందు నుంచి పోతారు, కొందరు వచ్చి ఏదో ఇచ్చి వెళతారు. వాళ్ళు ఎలాగూ వెళ్ళిపోయేవాళ్ళే. కుక్క దృష్టిలో మాత్రం జరిగింది వేరు: నేను మొరిగాను, వాడు పారిపోయాడు. రోజుకు ఇరవై విజయాలు, అదీ రెండేళ్ళుగా. ఏ శిక్షకుడూ అంత క్రమం తప్పకుండా ఏ పాఠమూ నేర్పలేడు.

గొలుసు విషయంలో ఒక లెక్క చెప్పాలి. అమెరికాలోని డెన్వర్‌లో కరిచిన కుక్కలను, కరవని కుక్కలతో పోల్చి 1994లో ప్రచురించిన పరిశీలనలో, ఆవరణలో గొలుసుతో కట్టి ఉంచడానికీ కరవడానికీ మధ్య 2.8 రెట్ల సంబంధం కనిపించింది. గొలుసే కారణమని దీన్నిబట్టి చెప్పలేం. కరిచే కుక్కలను కట్టేస్తారు కాబట్టి కూడా లెక్క అలా రావచ్చు. అయితే టైగర్ విషయంలో ఏది ముందో కుటుంబం చెప్పిన కాలక్రమంలోనే ఉంది. గొలుసు ఏడో నెలలో వచ్చింది, దూకడం ఏడాది దాటాక మొదలైంది.

మొదటి నిర్ణయాలు

ముందు పశువైద్యుడి దగ్గరకు పంపాను. నొప్పితో ఉన్న కుక్కకు ఓపిక తక్కువ. ఆ మాట తేల్చుకోకుండా శిక్షణ మొదలుపెడితే పళ్ళు చూడకుండా మర్యాద నేర్పినట్టే. ఎడమ చెవిలో లోతుగా పాత ఇన్ఫెక్షన్ బయటపడింది. తుంటి కీళ్ళు బాగానే ఉన్నాయి. చెవి నయమయ్యాక ముట్టుకోనివ్వడం మెరుగుపడింది, గేటు దగ్గర మొరుగుడు మాత్రం తగ్గలేదు. అయినా ఆ పరీక్ష దండగ అనుకోను. ఒక అనుమానం తీరిపోయింది.

రెండోది, మరొకరు గాయపడకుండా చూడడం. గొలుసు తీయించాను. గేటుకు లోపల నాలుగు అడుగుల దూరంలో రెండో గేటు పెట్టించాను. ఒకటి మూశాకే మరొకటి తీయాలి. ఊచలకు అడ్డంగా రేకు కొట్టించాను, వీధి కనిపించకుండా. చిక్కం అలవాటు చేశాం. నోరు బిగించి కట్టే గుడ్డరకం వద్దన్నాను. కుక్క నోరు తెరిచి రొప్పగలిగే, నీళ్ళు తాగగలిగే బుట్టరకమే తెప్పించాను, ఎందుకంటే కుక్కలు ఒంటి వేడిని ఎక్కువగా రొప్పడం ద్వారానే తగ్గించుకుంటాయి. చిక్కంలో తిండి ముక్క పెట్టి, అదే వచ్చి మూతి దూర్చేవరకు ఆగడానికి పన్నెండు రోజులు పట్టింది. పాప స్నేహితులు వచ్చినప్పుడు టైగర్ గదిలో ఉండాలి, తలుపు మూసి ఉండాలి. దీనికి మినహాయింపు లేదని రాసి ఇచ్చాను.

నేను తప్పటడుగు వేసిన చోటు

కొత్తవారంటే ఉన్న భయాన్ని తగ్గించడానికి వాడే పద్ధతి తెలిసినదే. భయం పుట్టనంత దూరంలో మనిషి కనిపించాలి, ఆ వెంటనే ఇష్టమైన తిండి రావాలి. కొన్ని వందల సార్లు ఇలా జరిగాక మనిషి కనిపించడం మంచి సూచన అవుతుంది. ఆ తర్వాతే దూరం కొద్దికొద్దిగా తగ్గించాలి.

నేను రెండు పొరపాట్లు చేశాను. మొదటిది చిన్నది, వెంటనే తెలిసిపోయింది. పని త్వరగా తెమలాలని, నాతో వచ్చిన సహాయకుడి చేతే తిండి ముక్కలు విసిరించాను. టైగర్ ముక్క కోసం ముందుకు వచ్చింది. నమిలి మింగి తలెత్తి చూసేసరికి భయపడే మనిషికి రెండు మీటర్ల దూరంలో నిలబడి ఉంది. తిండి అయిపోయింది, భయం మిగిలింది. ఒక్క ఉదుటున దూకింది. చిక్కం ఉంది కాబట్టి సరిపోయింది. తిండి ఎర అయితే కుక్క తాను భరించగలిగిన దూరం దాటి వచ్చేస్తుంది. ఆ రోజు నుంచి తిండి ఇచ్చేది ఇంటివాళ్ళే, కొత్త మనిషి పన్నెండు మీటర్ల అవతల నిలబడి వెళ్ళిపోవడం వరకే.

రెండోది పెద్ద తప్పు, తెలియడానికి రెండు నెలలు పట్టింది. పద్ధతి మార్చాక మొదట్లో పురోగతి కనిపించింది, తర్వాత ఆగిపోయింది. ఎందుకో అర్థం కాలేదు. దూరం మార్చి చూశాను, వేళ మార్చి చూశాను. ఒకరోజు చెప్పకుండా వెళ్ళాను. గేటుకు కొట్టించిన రేకు తీసి గోడకు ఆనించి ఉంది. ఆయన కాస్త తడబడి చెప్పారు: రేకు ఉంటే వాడికి దొంగలు ఎలా కనిపిస్తారండీ? రాత్రి కూడా మునుపటిలాగే ఆవరణలో వదిలేస్తున్నారు. నేను వారానికి రెండు గంటలు చెప్పిన పాఠాన్ని వీధి రోజుకు పది గంటలు చెరిపేస్తోంది.

మొదట కోపం వచ్చిన మాట నిజం. ఇంటికి వెళ్ళే దారిలో ఆలోచిస్తే ఆయన తప్పు కనిపించలేదు. వచ్చిన మొదటి రోజు నుంచి నేను కుక్కను ఉద్యోగం నుంచి తప్పించే ప్రయత్నంలో ఉన్నాను. ఆ ఉద్యోగం ఎవరు చేస్తారో మాత్రం చెప్పలేదు. పెద్దావిడ ఇంకా రాత్రివేళ లేచి తలుపులు తడుముతూనే ఉన్నారు. వెనక తలుపుకు ఇంకా ఆ పాత రకం గడియే ఉంది. వాళ్ళ భయాన్ని అలాగే వదిలేసి, ఆ భయానికి వాళ్ళు కట్టుకున్న కట్టును మాత్రం నేను విప్పబోయాను.

ఫోను రికార్డింగులు

మరుసటి వారం పాఠం ఆపేసి ఒక పని చెప్పాను. ఏడు రాత్రులు వరండాలో ఫోను పెట్టి శబ్దం రికార్డు చేయమన్నాను. ఎన్నిసార్లు మొరిగిందో లెక్కపెడితే రాత్రికి దాదాపు నలభై దఫాలు. ఇంట్లోవాళ్ళు ఎన్నిసార్లు లేచి చూశారు? ఏడు రాత్రుల్లో ఒక్కసారీ లేదు.

ఆయన్ను కూర్చోబెట్టి రికార్డింగుల్లోంచి కొన్ని ముక్కలు వినిపించాను. ఏ వేళవో చెప్పలేదు. హంగేరీలో పీటర్ పాంగ్రాట్జ్, ఆయన సహచరులు 2005లో వెలువరించిన పరిశోధన ప్రకారం, కుక్కలు పెంచని మనుషులు సైతం మొరుగుడు విని అది ఏ సందర్భంలోదో ఊహించగలుగుతారు. కొత్తవారిని చూసి మొరిగేటప్పుడు గొంతు బొంగురుగా, దెబ్బ మీద దెబ్బగా వస్తుంది. ఒంటరిగా వదిలేసినప్పుడు సన్నగా, ఎడమెడంగా వస్తుంది. ఆయనకు ఇదేమీ చెప్పలేదు.

మొదటి ముక్క విని, "ఇది ఎవరినో చూసి" అన్నారు. రెండోది విని, "ఇదీ అంతే." మూడోది వినిపించాను. ఒక మొరుగు, చాలాసేపు నిశ్శబ్దం, మరో మొరుగు, చివర సన్నగా సాగింది. ఆయన మాట్లాడలేదు. నాలుగోది, ఐదోది వినిపించాను.

"ఇవి మొరగడం కాదు కదా" అన్నారు చివరికి. "పిలుస్తున్నాడు."

నలభై దఫాల్లో మూడు వంతులకు పైగా ఆ పిలిచే రకానివే.

కుక్క చెవి గొప్పదే. మనిషికి 20,000 హెర్ట్జ్ దగ్గర ఆగిపోయే వినికిడి కుక్కకు సుమారు 45,000 వరకు సాగుతుంది. సమస్య చెవిలో లేదు. రాత్రంతా మోగే గంటను ఎవరూ గంటగా వినరు. రోమ్ నగరంలో ఓ పాత కథ చెబుతారు. క్రీస్తుపూర్వం 390 ప్రాంతంలో దండెత్తి వచ్చిన గాల్ తెగ సైనికులు చీకట్లో కొండ ఎక్కుతుంటే కావలి కుక్కలు నోరు మెదపలేదట, జూనో దేవత గుడిలోని పెద్దబాతులు అరిచి అందరినీ లేపాయట. ఆ బాతులు ప్రతి రాత్రీ తెల్లవార్లూ అరిచేవై ఉంటే రోమ్ వాళ్ళు కూడా అటు తిరిగి పడుకునేవారేమో.

పని చేసినది

ముందు ఇల్లు సరిచేశాం. నేను తాళాలు అమ్మేవాడిని కాను, కానీ ఈ కేసులో చికిత్స అక్కడి నుంచే మొదలవ్వాలని తేల్చుకున్నాను. వెనక తలుపుకు చౌకట్టు లోపలికి దిగే గట్టి తాళం పెట్టించారు. ఊడివచ్చే పొట్టి మరల బదులు గోడలోకి పోయే పొడవు మరలు బిగించారు. సామాన్ల గదికి, పక్క సందుకు మనిషి కదిలితే వెలిగే దీపాలు, రెండు కెమెరాలు. గోడ పక్కన ఎక్కడానికి మెట్టులా పేర్చి ఉన్న పాత డబ్బాలు తీసేశారు. అమెరికాలో మూడు రాష్ట్రాల జైళ్ళలోని 422 మంది ఇళ్ళ దొంగలను ప్రశ్నిస్తే, అలారం ఉందో లేదో ముందే చూసుకుంటామని 83 శాతం మంది చెప్పారు. దగ్గర్లో మనుషులు ఉండడం, పారిపోయే దారి లేకపోవడం, కెమెరాలు, లోపల కుక్క ఉండడం కూడా వాళ్ళు లెక్కలోకి తీసుకునే విషయాలే. అంటే కుక్క పనికిరాదని కాదు. చాలా వాటిలో అదొకటి, అంతే. అది ఉందని తెలిస్తే చాలు, కరవక్కర్లేదు.

తాళం పెట్టిన వారం తర్వాత పెద్దావిడ రాత్రి లేవడం మానేశారని కోడలు చెప్పింది. ఆ తర్వాతి వారం రేకు మళ్ళీ గేటు మీదకు వచ్చింది. ఈసారి నేను అడగలేదు.

టైగర్ పడుకునే చోటు గురించి కొంత వాదన జరిగింది. నేను ఇంట్లోనే పడుకోబెట్టమన్నాను. చీకట్లో కాలికి అడ్డం పడితే తాను పడిపోతానని పెద్దావిడ అభ్యంతరం చెప్పారు. న్యాయమైన మాటే. వెనక తలుపును ఆనుకుని ఉన్న వరండాకు జాలీ బిగించి అక్కడ పడక వేశాం. పడకగది కిటికీ పక్కనే ఉంది. మనుషుల ఊపిరి వినిపిస్తుంది, వీధి కనిపించదు. మూడో రాత్రికే పిలిచే మొరుగుడు ఆగిపోయింది. నేను చేసిన మార్పులన్నిటిలో అతి తక్కువ శ్రమతో అతి ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. దీన్ని మొదటి రోజే ఎందుకు చెప్పలేదో నాకిప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

ఇక మనుషులకు పాఠం. టైగర్ మొరిగితే ఒకరు లేవాలి. తలుపు తీయకూడదు. లోపలి నుంచే బయటి దీపాలు వేయాలి, కెమెరా చూడాలి, తర్వాత దాని దగ్గరకు వెళ్ళి మామూలు గొంతుతో "చాలు, చూశాను" అని ఒక ముక్క ఇవ్వాలి. అరవొద్దు, అదిలించొద్దు. మనం అరిస్తే తనతో కలిసి మొరుగుతున్నామనే అది అనుకుంటుంది. మూడు వారాల్లో "చాలు" అన్న మాటకు మొరగడం ఆపి ముఖం చూడడం నేర్చుకుంది. ఐదో వారంలో మరో మార్పు గమనించాను. రెండుసార్లు మొరిగి, తనంతట తానే కిటికీ వైపు తిరిగి ఎదురుచూడడం మొదలుపెట్టింది. చెప్పాల్సింది చెప్పాను, ఇక మీ వంతు అన్నట్టు.

కొత్తవారి పాఠం మళ్ళీ పన్నెండు మీటర్ల నుంచి మొదలుపెట్టి నాలుగు నెలలు నడిపాం. ఈసారి దాన్ని చెరిపేసేది ఏదీ లేదు. చివరికి నాలుగు మీటర్ల దూరంలో కొత్త మనిషి నిలబడి ఉంటే నేల వాసన చూస్తూ తిరగగలిగింది. నేను అక్కడే ఆపేశాను. ఇంటివాళ్ళు ఇంకా దగ్గరకు తీసుకెళదామన్నారు. నేను ఒప్పుకోలేదు. పిల్లగా ఉన్నప్పుడు పోయిన రోజులు తిరిగిరావు. నాలుగు మీటర్లు టైగర్ సౌకర్యంగా ఉండగలిగే దూరం. ఒక మీటరు మన సరదా కోసం.

మరో కోరికనూ కాదన్నాను. ఎవరైనా ముసుగు వేసుకుని వెనక నుంచి వస్తే టైగర్ ఏం చేస్తుందో ఒకసారి పరీక్షించి చూడమని ఆయన అడిగారు. పరీక్ష పెడితే రెండే ఫలితాలు. బల్ల కింద దూరితే ఇన్ని నెలల్లో కూడబెట్టిన ధైర్యం పోతుంది. మీద పడితే, మీద పడడం పనికొస్తుందని నేర్చుకుంటుంది. రెండూ మనకు నష్టమే. పైగా దాని జవాబు మనకు ముందే తెలుసు, సామాన్ల గది దొంగతనం రాత్రే తెలిసింది.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

కాపలా కోసం కుక్కను తెచ్చుకున్న ఇల్లు అని తెలిస్తే ఇప్పుడు నేను కుక్కకన్నా ముందు తలుపులు చూస్తాను. ఏం జరిగాక తెచ్చుకున్నారో అడుగుతాను. ఆ సంఘటన గురించి వాళ్ళను మాట్లాడనిస్తాను, గంట పట్టినా సరే. ఆ భయం తీరే దారి చూపకుండా కుక్కను మార్చమంటే ఎవరూ మార్చరు, నేను వెళ్ళిపోగానే రేకు దిగిపోతుంది.

దొంగలను మాత్రమే కరిచేలా నేర్పండి అని అడిగినవారికి ఇప్పుడు ఒక ప్రశ్న వేస్తున్నాను: రాత్రి పదకొండు గంటలకు గోడ దూకినవాడు దొంగా, బంతి కోసం వచ్చిన పక్కింటి పిల్లవాడా అన్నది మీరే వెంటనే చెప్పగలరా? దీపం వేసి చూశాక చెబుతాం అంటారు. ఆ దీపం వేసే అవకాశం కుక్కకు లేదు.

కుక్కపిల్లను తెచ్చేవారికైతే, ముద్దు చేయనివ్వండి, నలుగురిలో తిప్పండి అని చెబుతున్నాను. మనుషులంటే భయం లేని కుక్క కూడా అర్ధరాత్రి వింత శబ్దానికి మొరుగుతుంది. పైగా అది అప్పుడే మొరుగుతుంది కాబట్టి మనం లేస్తాం.

ఇప్పుడు

టైగర్‌కు ఐదేళ్ళు. పగలు ఇంట్లో వెనక గదిలో, సాయంత్రం చిక్కంతో నడక, రాత్రి వరండాలో. రెండు గేట్ల నియమం కొనసాగుతోంది, జీవితాంతం కొనసాగాలి. గాట్లు పడ్డ పిల్లవాడు పెద్దవాడయ్యాడు, వస్తూపోతూ ఉంటాడు. అతను వచ్చినప్పుడు టైగర్ ఉన్న గది తలుపు మూసి ఉంటుంది. వాళ్ళిద్దరినీ కలపమని ఎవరూ అడగలేదు, నేనూ ప్రయత్నించలేదు.

రాత్రి మొరుగుడు చాలా రాత్రుల్లో అసలు ఉండదు. పోయిన నెల ఆయన నుంచి పొద్దున్నే సందేశం వచ్చింది. అర్ధరాత్రి దాటాక టైగర్ బొంగురుగా రెండుసార్లు మొరిగి కిటికీ వైపు చూసిందట. లేచి దీపాలు వేసి కెమెరా చూస్తే మనుషులెవరూ లేరు. లోపలి గేటు మాత్రం గాలికి మెల్లగా ఊగుతోంది.

"రాత్రి గడియ వేయడం మరిచిపోయానండీ" అని రాశారు. "వాడే చెప్పాడు. వెళ్ళి వేసి వచ్చాను."